పౌర్ణమిలోపు లెన్సు

9-11-99, మంగళవారం
ఆఫీసు నుంచి నేరుగా మళ్ళీ బాషా గారి కెమెరా షాపు. రెండు లెన్సులూ పక్కపక్కనే పెట్టారు. జపాన్‌ది ఒకటీ పాయింట్ నాలుగు (ఈ అంకె ఎంత చిన్నదైతే అంత వెలుతురు) — బరువు, గాజు పెద్దది. రష్యాది రెండు — చిన్నది, రింగు కాస్త బిగువు. మామయ్య యానాం నుంచి తెచ్చిచ్చిన నా పాత కెమెరాకి రెండూ పడతాయి. "జపాన్‌ది చీకట్లో వెలుతురు బాగా లాగుద్దండి. కానీ ఫోకస్ వెంట్రుకవాసి తప్పినా పోయినట్టే," అన్నారు. మీరైతే ఏది తీసుకుంటారండీ అంటే — "నేనైతే పగలే తీస్తానండి." ఈయన్ని అడగడం నాదే బుద్ధి తక్కువ.

10-11
నిద్ర పట్టదు. ఒకటీ పాయింట్ నాలుగా, రెండా...

11-11
కార్తీక పౌర్ణమి ఇరవై మూడున. ఆ వారంలోనే సత్య తుని వెళ్ళిపోతుంది, బదిలీ మీద అక్కడి హైస్కూల్లో టీచరుగా చేరాలి. ఫ్లాష్ వెలిగితే చాలు కళ్ళు మూసేస్తుంది. పెళ్ళి ఆల్బమ్ నిండా అదే. "నిద్రలో ఉండగా తాళి కట్టేసినట్టున్నారు" అంటుంది తనే. ఎండలో తీస్తేనా, రేషన్ కార్డు ఫొటోలా బిగుసుకుపోతుంది. దీపాలు పెట్టేటప్పుడు మాత్రం తన లోకంలో తను ఉంటుంది. వెళ్ళేలోపు ఒక్కటి, కళ్ళు తెరిచి ఉన్నది కావాలి — నది ఘాట్ మీద, దీపాల వెలుతురులోనే. నా పాత లెన్సు మూడున్నర. దానికి ఆ వెలుతురు ఏ మూలకీ చాలదు.

14-11, ఆదివారం
మార్కెట్లో సత్య వాళ్ళ హెడ్మాస్టరు. "మేం ఉండిపొమ్మనే అన్నామండి. మేడమ్ గారే అడిగి మరీ వేయించుకున్నారు తుని."
అడిగి మరీ. నాతో ఏమంది — వేసేశారు, వెళ్ళక తప్పదు అని. నవ్వి తలూపి వచ్చేశాను. ఇంట్లో తను చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. అడిగేద్దామని ఎదురుగా కూర్చున్నా. నోట్లోంచి వచ్చింది మాత్రం — "జపాన్‌దే తీసుకుందామనుకుంటున్నా."
"తీసుకోండి." తలెత్తలేదు.

15-11
తీసుకున్నాను.

17-11
కరెంటు పోతే కొవ్వొత్తి పెట్టుకుని సాధన. కెమెరా కిటికీలో రెండు బొమ్మలు కనిపిస్తాయి. రింగు తిప్పి ఒకదానిమీద ఒకటి కూర్చోబెడితే ఫోకస్ కుదిరినట్టు. కొవ్వొత్తి చక్కగా కూర్చుంటోంది. సత్య అటు వెళుతూ — "కొవ్వొత్తికి పట్టిన యోగం మాకెప్పుడో." ఎగతాళో, నిజంగానే అందో. అర్థం కాలేదు.

21-11
అడగాలి. రేపు.

22-11
పండగ ముందు ఎందుకులే.

23-11, పౌర్ణమి
ఘాట్ మీద ఇసకేస్తే రాలని జనం. సత్య మెట్టు మీద వరసగా ప్రమిదలు పెట్టింది. పక్కవాళ్ళవీ, ముందు మెట్టువాళ్ళవీ — ఎటు చూసినా దీపాలే. మూడొందల అరవై అయిదు వత్తుల కట్ట నేతిలో ముంచి వెలిగించింది. మొహమంతా వెలుగు. కళ్ళు తెరిచే ఉంది... రింగు తిప్పాను, దీపం మీద దీపం కూర్చుంది. నొక్కాను. మళ్ళీ. మళ్ళీ. తను నా వైపు తిరిగి — "అయిందా అండీ?"
ఒక్క నిమిషం అన్నాను.
"నాతో ఏమన్నా చెప్పాలా?"
"కాస్త ఎడమకి జరుగు."
ఏం మనిషిని నేను.

28-11
రైలెక్కించాను. "పచ్చడి జాడీకి మూత గట్టిగా పెట్టండి" అంది. కదిలిపోయింది.

2-12
ప్రింట్లు. ముందు మెట్టు మీద ఎవరిదో ఉసిరికాయ దీపం — వత్తి పోగులు కూడా కనిపిస్తున్నాయి. వెనక సత్య మసక. అన్నింట్లోనూ అంతే. లెన్సు తప్పని కాసేపు తిట్టుకున్నా. కాదు. కొవ్వొత్తి ఒక్కటే కాబట్టి దాని బొమ్మ దానిమీదే కూర్చుంది. ఘాట్ మీద అన్నీ ఒక్కలాంటి దీపాలాయె — ఒకదాని బొమ్మ పక్కదాని మీద కూర్చోబెట్టి, కుదిరిందని మురిసిపోయాను. ఫోకస్ తప్పినా రష్యాది అయితే కొంతైనా కాసేదేమో. మసకలోనూ తెలుస్తోంది, కళ్ళు తెరిచే ఉన్నాయి. నా వైపే చూస్తోంది.

5-12, ఆదివారం
సాయంత్రం ఎస్టీడీ బూత్ నుంచి తునిలో సత్య అద్దెకున్న ఇంటిగలవాళ్ళ నంబరుకి చేశాను. సత్యని పిలిచారు.
"ఫొటో వచ్చిందా?"
చెప్పాను — మసకైందని, దీపాలు ఎలా మోసం చేశాయో, లెన్సు మార్చుకుంటే ఎలా ఉంటుందో... అంతా. హలో అన్నాను.
"ఉన్నానండి. హెడ్మాస్టరు గారు తుని సంగతి మీకు చెప్పేశానన్నారు, మర్నాడే. అడుగుతారని చూస్తున్నాను."
వెనక ఎవరో తలుపు తడుతున్నారు. మళ్ళీ చేస్తాను అని పెట్టేశాను.
అరుగు మీదే కూర్చుని రాస్తున్నాను. చెప్పులు విప్పలేదు. బూత్ ఇంకా తెరిచే ఉంటుంది...