మూడు ఊళ్ల మాట

కరీంనగర్, జూన్ 3

ముష్తాక్ గారికి నమస్కారాలు.

జనం నోట తిరిగే కొత్త ఇంగ్లిష్ మాటలకు మేం నిఘంటువు తయారు చేస్తున్నాం. ఇచ్చోడలో మీ సెల్‌ఫోన్ రిపేరు దుకాణానికి చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా వస్తారట. అక్కడ వినపడే కొత్త మాటలు రాసి పంపగలరా? ఎవరు, ఎప్పుడు, ఎందుకన్నారో తేదీతో సహా కావాలి. వాట్సాప్ వద్దు. మాకు కాగితమే సాక్ష్యం.

ఇట్లు,
పద్మలత
కొత్త మాటల నిఘంటువు కార్యాలయం

తా.క.: ఈ ఉత్తరం వారం కిందటే అందాల్సింది. పంపడానికి అనుమతి అడిగితే మా రాంచందర్ సారు పెన్ను పట్టుకుని బఫరింగ్‌లోనే ఉండిపోయారు.

---

ఇచ్చోడ, జూన్ 9

పద్మలత మేడంకు ముష్తాక్ సలాములు.

మాటల కోసం కూడా ఒక ఆఫీసు ఉంటదని నాకు ఇన్నాళ్లు తెల్వదు. మస్తు సంతోషమైంది. నా దగ్గర ఒక మంచి మాట ఉంది: 'బఫరింగ్'. ఫోన్‌ల వీడియో ఆగి గుండ్రంగ తిరుగుతది కదా, అట్ల ఏమన్న అడిగితే జవాబు రాక నోరు తెరిచి నిలబడే మనిషిని మా దుకాణంల గా మాటే అంటం. పెట్టింది మా ఇంటామె ఖుద్సియా. నన్ను చూసే పెట్టింది.

ఆమె చదివింది ఏడో తరగతి. మా చుట్టాలు చదువు లేనిదని చిన్నచూపు చూస్తరు. ఆమె మాట జర పుస్తకంల ఎక్కితే చాలు, నాకు ఇంకేం వద్దు.

మీ,
ముష్తాక్

తా.క.: రుజువు కోసం మార్చి 12 నాటి రిపేరు చీటీ పంపుతున్న. ఖుద్సియా చేతిరాతే: 'డిస్‌ప్లే రాలే. ముష్తాక్ బఫరింగ్‌ల ఉన్నడు. రేపు రండి.'

---

కరీంనగర్, జూన్ 16

ముష్తాక్ గారికి నమస్కారాలు.

ఆ చీటీ మా ఆఫీసులో అందరి చేతులూ తిరిగింది. ఈ మాట నాకు పూర్తిగా కొత్త, ఇంతకుముందు ఎన్నడూ వినలేదు. మూడు ఊళ్లలో, ఒకరికొకరు తెలియని ముగ్గురు వాడితేనే మేం మాటను తీసుకుంటాం. పాత రికార్డింగులు వెతికితే భైంసా పత్తి వ్యాపారి ఒకాయన నోట దొరికింది. ఇంకొక్క ఊరు కావాలి. మా దశరథం ఒక్క మాట కోసం హుస్నాబాద్ బస్టాండులో పదకొండు రోజులు వింటూ కూర్చున్నాడు. మనమూ ఓపిక పడదాం. పుస్తకం 30న అచ్చుకు పోతుంది.

ఇట్లు,
పద్మలత

తా.క.: అన్నిటికన్నా ముఖ్యం, ఎవరినీ అడిగి అనిపించకండి. అలా అన్న మాట చెల్లదు.

---

ఇచ్చోడ, జూన్ 21

మేడంకు సలాములు.

ఏం ఫికర్ చేయకండి. హైవే మీద ఇరవై అడుగుల ఫ్లెక్సీ కట్టించిన: 'బఫరింగ్ అనండి, ఇచ్చోడ పేరు నిలబెట్టండి!' ఖుద్సియా తన ఫోటో వద్దన్నది, అందుకే నాది పెట్టిన. బస్సు దిగినోళ్లంతా గదే మాట అంటున్నరు. వాళ్లు అన్నట్టు రాయించిన నలభై కార్డులు, ఫ్లెక్సీ ఫోటో పంపుతున్న.

మీ,
ముష్తాక్

తా.క.: కార్డులు సరిపోకుంటే చెప్పండి, ఇంకో వంద రాయిస్త.

---

కరీంనగర్, జూన్ 25

ముష్తాక్ గారికి,

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అడిగి అనిపించవద్దని తాజా కలంలో రాశాను కదా! నలభై కార్డుల్లో వాక్యం ఒక్కటే, చేతిరాతలు రెండే. పైగా హైవే మీద పోయినవాళ్లంతా ఆ ఫ్లెక్సీ చదివారు. ఇక ఏ ఊళ్లో విన్నా నమ్మలేం. ఈసారికి మాటను వదిలేస్తున్నాం. చాలా బాధగా ఉంది. ఈ ఏడాది ఇంత చక్కటి మాట మా బల్ల మీదికి రాలేదని ఖుద్సియా గారికి చెప్పండి.

ఇట్లు,
పద్మలత

తా.క.: ఫ్లెక్సీలో మీ ఫోటో చూశాక మాట అర్థం ఇంకా బాగా తెలిసింది.

---

ఇచ్చోడ, జూన్ 27

పద్మలత మేడంకు ఖుద్సియా సలాములు.

మీ ఉత్తరం చూసి ఆయన పరేషాన్ అయిండు. అందుకే నేను రాస్తున్న. సంతకం కనబడంగనే ఆయన ఉత్తరం మడిచి పక్కన పెడతడు, తాజా కలం ఎన్నడూ చదవడు. నేను రిపేరు చీటీల లెక్కనే మీ ఉత్తరాలు కూడా తేదీ ప్రకారం తీగకు గుచ్చి పెట్టిన. నిన్న అన్నీ మొదటి నుంచి చదివిన.

జూన్ 3న మీరు రాసిన అసలు కాగితం దీంతోనే పంపుతున్న. మీ రాంచందర్ సారు గురించి కింద తాజా కలంల ఏ మాట రాసిన్రో చూడండి. ఊరు కరీంనగర్. అప్పటికి మేము మీకు ఒక్క ముక్క రాయలే, ఫ్లెక్సీ కట్టలే. మిమ్మల్ని ఎవరూ అడిగి అనిపించలే. మూడో ఊరు మీదే, మేడం.

దశరథం సారు పదకొండు రోజులు కూసున్నడని చదివితే నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. మేము నోటికొచ్చింది అని మర్చిపోతం. మీరు దాన్ని ఇంత పైలంగ దాస్తున్నరు.

మీ,
ఖుద్సియా

తా.క.: ఇది చదివినంక మీకు కొంచెంసేపు మాట రాకపోతే ఫికర్ చేయకండి. దానికో పేరుంది. ముప్పయ్యో తారీఖు లోపల పుస్తకంల ఎక్కించుకోండి.