ఆఖరి రీలు, ఆఖరి బస్సు

మచ్చ బొల్లారం,
4 జూలై 1998.

బాలనర్సయ్య మామకు, మాట్లాడుకోవడం మానేశాం గనుక ఉత్తరంలోనే దండాలు.

నేను పాస్టరునైన రోజు నుంచి మీరు నా ముఖం చూడలేదు. సరే. మేడ్చల్‌లో మీ టాకీసుకు వచ్చిన ఇంగ్లీషు డబ్బింగు బొమ్మను నేను సికింద్రాబాద్‌లో చూశాను. మీరు దాన్ని రాకెట్ల ఫైటింగు అనుకుంటున్నారు. అది మా ప్రభువు కథ, మామా! ఆకాశం నుంచి ఒకడు దిగుతాడు. వెంట పన్నెండు మంది. అందులో ఒకడు పట్టిస్తాడు. ఆ దిగినవాడు చేతులు చాపి చనిపోతాడు. మూడో రోజు గుహలోంచి లేచి వస్తాడు.

తమ్ముడు ప్రవీణ్‌ను లారీ కొట్టేసినప్పటి నుంచి అమ్మ ప్రార్థన మానేసింది. వాడు మళ్లీ లేస్తాడని నేను చెబితే నమ్మదు. కళ్లతో చూస్తే నమ్ముతుంది. శామీర్‌పేట నుంచి ఆదివారం సాయంత్రం మొదటి ఆటకు తీసుకొస్తాను.

మీ మేనల్లుడు,
పరమేశ్

తా.క.: టికెట్టు కొనుక్కునే వస్తాం. గేటు దగ్గర మనిషితో నన్ను తిట్టించకండి.

మేడ్చల్,
8 జూలై.

శివుడి పేరు పెట్టుకుని శిలువ మోస్తున్న అల్లుడికి మామ ఆశీస్సులు.

దేవుడి బొమ్మ అని ముందే చెప్పొద్దా? పోస్టర్ల మీద "మహత్తర భక్తి చిత్రం" అని చీటీలు అతికించాను. కీసర నుంచి కూడా ఆడవాళ్లు వచ్చారు. చెప్పులు బయట విడిచి హాల్లోకి వెళ్లారు. దేవుడెవరో తెలియక, అందరికంటే పెద్దగా ఉన్న ఇనుప రాక్షసుడికి కొబ్బరికాయ కొట్టారు. అసలు దేవుడు వస్తే "గీ బక్కోడెవడు?" అన్నారు. బయటికొచ్చి చూస్తే చెప్పులు లేవు. అందరూ నన్నే పట్టుకున్నారు. నీ మతంతో నాకెప్పుడూ నష్టమే.

అక్కను తీసుకురా. ఆమెకు టికెట్టు లేదు. నీకుంది.

బాలనర్సయ్య

తా.క.: చచ్చినవాడు లేస్తాడని రాశావు. నేను రోజూ చూస్తున్నాను, లేవడం లేదు. సికింద్రాబాద్‌లో నిద్రపోయి కల కన్నావేమో.

మచ్చ బొల్లారం,
13 జూలై.

మామా, ఈసారి దండాలు కూడా లేవు.

మీరు వెక్కిరిస్తున్నారనుకున్నాను. నిజమే రాశారు! నిన్న అమ్మ చెవిలో కథంతా చెబుతూ కూర్చున్నాను. వాడు చేతులు చాపి చచ్చిపోయాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఇగ సూడమ్మా, లేస్తడు" అన్నాను. లైట్లు వేశారు! జనమంతా బస్సు కోసం ఉరికారు. అమ్మ ఖాళీ తెరను చూస్తూ కూర్చుంది. "ఏడ లేసిండు బిడ్డా?" అంది.

ఆఖరి రీలు ఏం చేశారు? నా మీద పగతో తీసేశారా? నన్నేమన్నా పడతాను. అమ్మ ఏం చేసింది మీకు?

పరమేశ్

తా.క.: నా చెప్పులు కూడా పోయాయి.

మేడ్చల్,
20 జూలై.

అల్లుడికి,

పగ కాదురా. బొమ్మ పూర్తిగా వేస్తే శామీర్‌పేట ఆఖరి బస్సు పోతుంది. బస్సు పోతే జనం మళ్లీ రారు. అందుకని మా నాయిన కాలం నుంచి ఏ బొమ్మకైనా ఆఖరి రీలు డబ్బాలోంచి తియ్యం. ఎన్ని పెళ్లిళ్లు ఆగిపోయాయో, ఎందరు విలన్లు బతికిపోయారో! ఒక్కరూ అడగలేదు. నేనూ చూడలేదు. నీ దేవుడు ఆ డబ్బాలో ఉన్నాడని నాకేం తెలుసు?

నీ ఉత్తరం చూసి సిగ్గేసింది. మొన్న పొద్దున నా ఒక్కడికే ఆ రీలు వేయించుకున్నాను. నువ్వన్నట్టే లేచాడు. నాకే ఒళ్లు జలదరించింది. డ్రైవరును బతిమాలి, బొమ్మ అయ్యేదాకా బస్సు ఆపమన్నాను. నిన్న అక్కను పిలిపించాను.

వాడు చనిపోగానే అక్క లేచి నిలబడింది.

"కూసో అక్కా, ఇంకున్నది. లేస్తడు."

"లేస్తడని నాకెరుకరా. ఆళ్లందరు లేస్తరు. నా పిల్లగాడే లేవలె. జరుగు, బస్సున్నది" అని వెళ్లిపోయింది.

బాలనర్సయ్య

తా.క.: బస్సు నేను ఆపించిందే కదా, కదల్లేదు. హాల్లో అందరి ముందు నీ దేవుడు లేస్తుంటే, అక్క చీకట్లో ఖాళీ బస్సులో కూర్చుని ఏడ్చింది. ప్రవీణ్ పోయాక ఏడవడం అదే మొదలట. నేను పక్కన కూర్చున్నాను. నాకు చెప్పడానికి ఏ కథా రాదు, అదే మంచిదైంది. జల్దీ రా. చెప్పులు లేకపోయినా సరే. ఈసారి ఏమీ చెప్పకు, ఊరికే అమ్మ పక్కన కూర్చో.