రూతుపురానికి బయలుదేరిన సైన్యం

శనివారం, మచిలీపట్నం

అన్నయ్య పోయి మూడేళ్లయ్యాక అతని ఆటను ఇవాళ తెరిచాను. సాయంత్రం రూతు వదిన కొత్త ల్యాప్‌టాప్ తెచ్చింది. అందులో ప్రాసెసర్ కొత్త రకం, పాత గేములు నేరుగా నడవవు. పాత ప్రాసెసర్‌లా పనిచేసే సాఫ్ట్‌వేర్ ఒకటి వేసి, అన్నయ్య ఆడి సేవ్ చేసి ఉంచిన రాజ్యాల గేమును అందులో ఎక్కించాను. కాసేపు మొరాయించి, నెమ్మదిగా తెరుచుకుంది.

అతను ఆపిన చోటే ఉంది. పట్టణాలకు మన ఊళ్ల పేర్లే పెట్టాడు. చిలకలపూడి, మంగినపూడి. సముద్రం పక్కన, చుట్టూ గోడ కట్టిన చిన్న ఊరు రూతుపురం.

"నా పేరు పెట్టినట్టు ఒక్కసారైనా చెప్పలేదాయన," అంది వదిన. ఆసుపత్రి నుంచి వచ్చాక అన్నయ్య ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు.

శత్రువుల ఓడలు రూతుపురం తీరానికి వచ్చేశాయి. వదిన చూద్దామంటే, వంతు ముగించే బటన్ నొక్కాను. మేమేమీ చెప్పకుండానే చిలకలపూడి సైన్యం కదిలింది.

"ఎవరు నడుపుతున్నారు?"

"అన్నయ్యే, వదినా. ఎక్కడికి వెళ్లాలో ముందే చెప్పి ఉంచితే, ప్రతి వంతుకీ కొంత దూరం వాళ్లే నడుస్తారు. రూతుపురానికే వెళ్తున్నారు."

వదిన తెర మీదికి వంగి చూసింది. "చేరాక?"

"అన్నయ్య చెప్పింది అక్కడితో అయిపోతుంది. తర్వాత మనమే చెప్పాలి."

"అయితే ఇవాళ్టికి ఆపెయ్యి."

ల్యాప్‌టాప్ గుండెకు ఆనించుకుని ఆటో ఎక్కింది. ఈపాటికి ఇల్లు చేరి ఉంటుంది. ఆ బటన్ ఎక్కడుందో ఆమె చూసింది. ఒక్కతే కూర్చుని నొక్కుతుందేమో...