ఐదు దెబ్బలు, ఒక ఖాళీ

దిల్‌సుఖ్‌నగర్,
9 అక్టోబర్ 2011.

మహారాజశ్రీ జోగారావు గారికి, నరేష్‌కుమార్ అనుమానపూర్వక నమస్కారాలతో రాయునది. ఇక్కడ అందరం కులాసా. నువ్వూ కులాసాగా ఉన్నావని తెలిస్తే నా అనుమానం ఇంకా బలపడుతుంది.

నా ఫోన్ ఎత్తడం మానేశావు. సమ్మెలో బస్సులు లేవు. ఎల్బీ నగర్ దాకా నడిచొచ్చి తిట్టే ఓపిక నాకు లేదు. అందుకే ఈ ఉత్తరం.

నేరం మరోసారి చదువుతాను, లేచి నిలబడు. మన కాలేజీ తెలంగాణ ధూంధాం బృందం కోసం నా డోలక్ మీద ఒక దరువు పుట్టించాను. ఐదు దెబ్బలు, ఆరో చోట ఖాళీ. నీ ప్రతిభంతా ఆ ఖాళీలోనే ఉందిరా అని నువ్వే అన్నావు. మీ డాబా మీది గదిలో తప్ప దాన్నెక్కడా వాయించలేదు. విన్నది నువ్వూ, నీ కీబోర్డూ. అలాంటిది, మొన్న సరూర్‌నగర్ సభలో వేరే బృందం డోలక్ అతను అదే దరువు, ఖాళీతో సహా, వాయించేశాడు! రెండు రోజుల ముందే చెరువు కట్ట మీద నువ్వు అతనికి చాయ్ తాగించావట. నాలుగేళ్ల స్నేహంలో నాకు దక్కని భాగ్యం.

అడిగితే, “నీ దరువు నేనెందుకు మోసుకెళతానురా? నాకింకేం పన్లేదా?” అన్నావు. బృందంలో ఎవరో “ఆంధ్రోడే అవతలోళ్లకు చేరేసిండు” అన్నారు. నిన్ను తీసేశారు. వచ్చే ఆదివారం మన ప్రోగ్రాం, కీబోర్డ్ లేకుండానే. నేరం ఒప్పుకుంటే క్షమాపణ సంగతి పరిశీలిస్తాను.

ఇట్లు,
న్యాయం కోరే
నరేష్‌కుమార్

తా.క.: కవరు అంటించే ముందు, సాక్ష్యం సరిచూద్దామని బల్ల మీద ఆ దరువు వేశాను. కుర్చీలో కునుకు తీస్తున్న మా నాయనమ్మ వజ్రమ్మ కాళ్లు కదిలాయి. కుడి, ఎడమ, కుడి, ఎడమ, కుడి. ఆరో చోట ఆగాయి. చెయ్యి గాలిలో దేన్నో సర్దింది.

“గిదేంది బిడ్డా, మీ తాత మగ్గం సప్పుడు నీకెట్ల యాదికున్నది? మగ్గం తీసేసిననాడు నీకు మూడేండ్లు గూడ లేవు,” అంది. పోచంపల్లిలో నా ఉయ్యాల మగ్గం పక్కనే కట్టేవారట. మరి ఆ ఖాళీ ఏమిటని అడిగాను.

“చీర మీద పువ్వు కుదురాలె గద! ఆగి పోగు సర్దకుంటె చెదిరిపోతది.”

ఆ డోలక్ అతనికి ఫోన్ చేశాను. వాళ్లది మన పోచంపల్లి దగ్గరి కొయ్యలగూడెం. ఇంట్లో అలాంటి మగ్గమే ఇప్పటికీ ఆడుతోంది. చిరిగిన నా డోలక్‌కి మంచి తోలు ఎక్కడ దొరుకుతుందో కనుక్కోవడానికి నువ్వు అతన్ని కలిశావట.

ఒరే, “చేరేసిండు” అని బృందంలో మొదట అన్నది నేనే. ఇవాళ వాళ్లందరికీ అసలు సంగతి చెప్పాను. పై ఉత్తరం చింపలేదు. నా మీద సాక్ష్యంగా నీ దగ్గరే ఉంచుకో.

ఆదివారం కీబోర్డ్ పట్టుకుని రా. ఆరో చోట మాత్రం నువ్వూ ఏమీ వాయించకు. తాత పోగు సర్దుకుంటాడు.