కాకికిచ్చిన మాట

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. నువ్వు చదివేదీ లేదు, జవాబిచ్చేదీ లేదు. కానీ నీ తద్దినం రోజు సంగతి నీకు కాక ఇంకెవరికి చెప్పను?

అమ్మాయీ అల్లుడూ ఆర్‌వీ అద్దెకు తీసుకుని, మేముండే ప్లేనో ఊరి నుంచి ఇక్కడ నది ఒడ్డున క్యాంప్‌గ్రౌండ్‌కి తీసుకొచ్చారు. ఆర్‌వీ అంటే వంటిల్లూ పడకలూ ఉన్న బస్సు. ఇల్లన్నది చక్రాల మీద తిరగడమేమిటని నాకు మొదట్నుంచీ అనుమానమే. పైగా, బీపీ అని నన్ను ఆవకాయ ముట్టనివ్వని అమ్మాయి తనే వడ్డించింది. ఇందులో ఏదో ఉందని అప్పుడే అనుకున్నాను.

పిక్నిక్ టేబుల్ మీద గాలికి ఎగిరిపోకుండా విస్తరేసి నీకు గారెలు పెట్టాం. కాకి వచ్చి ఆర్‌వీ నెత్తిన కూర్చుంది. దిగదు.

"అమ్మకేదో కోరిక మిగిలింది నాన్నా. మాటిస్తేనే ముడుతుంది," అంది అమ్మాయి.

"పిల్లల్ని తెలుగు క్లాస్‌కి పంపిస్తాం అత్తయ్యా," అన్నాడు అల్లుడు. కాకి కదల్లేదు.

"డ్రైవింగ్ మానేస్తానని చెప్పు నాన్నా. నీ కళ్లు బాలేవని డాక్టర్ చెప్పాడుగా."

కాకికి వీళ్లే ట్రైనింగ్ ఇచ్చారేమో! "మీ అమ్మకి నా డ్రైవింగంటే ప్రాణం," అన్నాను. నువ్వు పక్క సీట్లో కూర్చుని, లేని బ్రేకుని కాలితో తొక్కడం గుర్తొచ్చింది.

గారెలు చల్లారిపోతున్నాయి. చల్లారినవి నీకు సహించవు. జేబులోంచి కారు తాళంచెవి తీసి విస్తరి పక్కన పెట్టాను.

"మానేస్తాలే. తిను."

కాకి దిగి గారె ఎత్తుకుపోయింది. గాలి తగ్గినందుకే దిగిందేమోనని నాకిప్పటికీ అనుమానమే.

తాళంచెవి అమ్మాయి తన బ్యాగులో వేసుకుంది.