గొడుగు పట్టిన మనిషి

అమ్మకు,

నీ పెద్ద కూతురు నమస్కరించి రాసేది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నువ్వూ చెల్లీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. పిల్లతో, వియ్యపురాలితో కలిసి వెళ్ళిన యాత్ర నుంచి మేం తిరిగొచ్చి తొమ్మిది రోజులైంది. నీకు ఫోన్‌లో సరిగ్గా వినబడదని ఉత్తరం రాస్తున్నానని ఇంట్లో చెప్పాను. అసలు సంగతి అది కాదు. దేవుడి ముందు కూర్చుని కళ్ళు మూసుకుంటే జపం సాగడం లేదు. నీతో చెప్పుకుంటే తప్ప సాగేలా లేదు.

ముందు నువ్వు అడిగినవి రాస్తాను. అక్కడ చలి బాగానే వేసింది. నువ్వు అల్లిన శాలువా వారమంతా విప్పనే లేదు. నీ అల్లుడి మోకాళ్ళ సంగతి అడిగావు. సినిమా పాటలు తీసిన చోట్లు చూపించే యాత్ర కదా, గైడు ప్రతిచోటా ఫోన్‌లో పాట పెట్టి మగవాళ్ళని చేతులు చాపి పరిగెత్తుకు రమ్మనేవాడు. ఈయన మోకాలికి పట్టీ కట్టుకుని నాలుగడుగులు పరిగెత్తి, "నాకు డూపుని పిలవండయ్యా" అంటూ గడ్డిలో కూలబడ్డారు. "డూపు కాదు అన్నయ్యగారూ, మీకు స్ట్రెచర్ కావాలి!" అని వియ్యపురాలు పడీపడీ నవ్వింది. ఆవిడ మనసు మంచిదే, నోరే కాస్త దురుసు.

తర్వాత కాలువల ఊళ్ళు రెండు చూశాం. వీధి ఉండాల్సిన చోట నీళ్ళే. గడప దిగితే పడవ. కూరగాయలూ గ్యాసు బండలూ చివరికి చెత్త కూడా పడవల్లోనే పోతాయి. రెండో ఊళ్ళో వంతెన మెట్ల దగ్గర గోడకి ఇనుప కొక్కెం ఉందేమో చూడమన్నావు. ఉందమ్మా. తుప్పు పట్టి వంగిపోయింది. చేత్తో తడిమి చూశాను. నువ్వు ఇస్త్రీ చేసిన చీరల సంచీ తగిలించింది దానికేనా?

ఇంక దాటవేయను. ఆ వంతెన మీదే గైడు ఒక పాత ఫొటో బయటికి తీశాడు. అక్కడ పాట తీస్తుండగా ఎవరో పక్కనుంచి తీసింది. హీరోయిను, ఆమె పక్కన గొడుగు పట్టుకుని ఒక మనిషి. నెత్తిన మంకీ క్యాపు, చీర మీద మగవాళ్ళ స్వెట్టరు.

"ఈవిడెవరమ్మా, దిష్టిబొమ్మలా!" అంది వియ్యపురాలు. అందరూ గొల్లుమన్నారు. నీ మనవరాలు మాత్రం నవ్వలేదు. ఫొటోని కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది.

"అమ్మా, అచ్చం అమ్మమ్మలా లేదూ? గడ్డం మీద ఆ మచ్చ చూడు."

చూశాను. నువ్వే. ఆ గొడుగు పట్టిన చెయ్యి నాకు తెలియనిదా?

"ఛ, అమ్మమ్మ ఇక్కడికెందుకొస్తుందే! ఎవరో పనిమనిషి అయ్యుంటుంది" అన్నాను. అని ఊరుకోలేదమ్మా. అందరితో పాటు నేనూ నవ్వాను.

మన పిల్ల పెళ్ళిమాటలప్పుడు నువ్వు బడిలో కుట్టుపని నేర్పేదానివని వియ్యాలవారికి చెప్పింది నేనే. పిల్లకి అంతకు ముందునుంచే అలా చెప్పుకొచ్చాను. సినిమావాళ్ళ బట్టలు ఇస్త్రీ చేసి మమ్మల్ని చదివించావని చెప్పడానికి నాకు నోరు రాలేదు. "నీకెలా బాగుంటే అలా చెప్పుకోవే" అన్నావు. అని, ఇస్త్రీ చేసి మడత పెట్టిన నా చీర నా చేతికిచ్చావు.

ఆ సాయంత్రం బస్సులో గైడు పక్కన కూర్చుని ఫొటో మళ్ళీ అడిగి తీసుకున్నాను. గొడుగంతా హీరోయిను మీదే ఉంది. నీ చీర వానకి తడిసి కాళ్ళకి అతుక్కుపోయింది. వెనక పడవలో కెమెరా పెట్టెలున్నాయి, నువ్వు గట్టు మీదున్నావు. చిన్నప్పుడు మమ్మల్ని పక్కన పడుకోబెట్టుకుని, ఆ ఊరంతా పడవలో తిరిగానని చెప్పేదానివి. మరి మేం బయల్దేరే ముందు రాసిన ఉత్తరంలో, పడవలో కూర్చుంటే ఎలా ఉంటుందో రాయమని ఎందుకడిగావో అప్పుడు అర్థమైంది. మేం సంబరపడతామని నువ్వు ఆ కథ అల్లావు. నేను ఎందుకు అల్లానో నీకు తెలుసు.

పడవ ఎలా ఉంటుందంటే, కాలు పెట్టగానే ఒక పక్కకి ఒరిగి గుండె జారుతుంది. కూర్చున్నాక ఉయ్యాలే. వంతెన కిందికి వెళ్ళినప్పుడు మాటలు గుండ్రంగా తిరిగి మనకే వినిపిస్తాయి. నువ్వు ఎక్కి ఉండాల్సింది.

గైడు ఆ ఫొటోని నా ఫోన్‌లోకి పంపాడు. పెద్దది చేయించి ఫ్రేము కట్టించాను. ఇప్పుడు బీరువాలో చీరల కింద ఉంది, చూడు నా బతుకు. ఆదివారం పిల్లా అల్లుడూ వియ్యపురాలూ భోజనానికి వస్తున్నారు. వాళ్ళు వచ్చేసరికి ముందుగదిలో పెట్టాలని అనుకున్నాను. ఆవిడ అడక్కుండా ఉండదు. అప్పుడు నవ్వకుండా, తల దించకుండా "మా అమ్మ" అనాలి. ఆ రెండు ముక్కలే వంటింట్లో ఒంటరిగా అని అని చూసుకుంటున్నాను.

ఈ కాగితాలు నీ పెట్టెలో దాచు. చెల్లికి కూడా చూపించకు. నీ మనవరాలు వస్తే అసలు చూపించకు. ఇన్నాళ్ళూ నిన్ను దాచినట్టు దీన్నీ దాచమంటున్నానని అనుకోకు. పిల్ల ఈ సంగతి కాగితంలో చదివి తెలుసుకోకూడదమ్మా, నా నోటితో వినాలి.

ఇట్లు,
నీ పెద్దది