మూడు జవాబులు

మార్చి 1, శనివారం

ఈ రోజు నుంచి మా ఇంట్లో ఫోన్లు కుక్కర్లో ఉంటాయి. రబ్బరు అరిగిన పాత ప్రెషర్ కుక్కర్ అటక మీద ఉంటే మా ఆవిడ దించింది. సాయంత్రం ఆరవగానే ఆమె ఫోనూ, నా ఫోనూ, టాబ్లెట్టూ అందులో పడేసి మూత బిగించాలి. ఆదివారాలు పొద్దున్నుంచే. నెలాఖరు దాకా ఇదే రూలు. ఒకరి మొహం ఒకరు చూసుకుని మాట్లాడి ఎన్నాళ్లయిందో అంది. పిచ్చుక చప్పట్లు కొట్టింది. పిచ్చుక అంటే మా అమ్మాయి. తొమ్మిదేళ్లు. గొంతు సన్నగా ఉంటుందని ఆ పేరు నేనే పెట్టాను.

ఇదంతా నా కోసమేనని తెలుసు. ఎవరు ఏం చెబుతున్నా తల ఎత్తకుండా ఫోన్ చూస్తానని నా మీద నేరం. చూస్తాను, కాదనను. అందులో వాళ్ల మాటలే చదువుతున్నానని మాత్రం చెప్పలేదు.

మార్చి 2, ఆదివారం. మధ్యాహ్నం 3

రాయకపోతే ఊపిరాడేట్టు లేదు.

మూడు నెలల క్రితం చెవుల డాక్టరు దగ్గరికి ఒక్కణ్ణే వెళ్లాను. సన్న శబ్దాలు రెండు చెవుల్లోనూ పోయాయి, తిరిగి రావు అన్నాడు. పద్దెనిమిదేళ్లు ఆఫ్‌సెట్ ప్రెస్సులో మిషన్ పక్కన నిలబడితే ఇంకేమవుతుంది? చెవి మిషన్ పెట్టుకోమన్నాడు. ఆ రిపోర్టు ప్రెస్సులో నా లాకర్లో ఉంది. ఎదుటివాళ్లు మాట్లాడింది ఫోన్లో అక్షరాలుగా చూపించే యాప్ ఒకటి దొరికితే అదే చెవి అనుకుని బతుకుతున్నాను.

నాకు ముందు ఆ మిషన్ నడిపినాయన చెవి మిషన్ పెట్టుకుని వచ్చాడు. వారం తిరక్కుండా ఫోర్‌మన్ ఆయన్ని ప్యాకింగ్‌లో కూర్చోబెట్టాడు. ప్రెస్సు మిషన్ శబ్దంలో తేడా పట్టలేనివాడికి దాని దగ్గర పనేమిటన్నాడు. నేను మిషన్ మీద అరచెయ్యి ఆనించి దాని వణుకుతో పట్టుకుంటాను, ఇంతవరకు అచ్చులో ఒక్క ఫారం పాడవలేదు. మా ఆవిడతో చెబుదామా అంటే ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. మర్నాడే ఫోర్‌మన్ ముందు నిలబడి ఈయనకి వేరే పని చూడండి అంటుంది. నా మంచికోసమే అంటుంది, అదే నా భయం.

మార్చి 4, మంగళవారం

ప్రెస్సులో నేను రాజును. ఆ హోరులో ఎవరికీ ఏమీ వినపడదు, అందరం చేతులతోనే మాట్లాడుకుంటాం. రెండు వేళ్లు చూపిస్తే షీట్లు జంటగా పడుతున్నాయని. మణికట్టు తడితే టైమయిందని. కటింగ్ మాస్టారు వాళ్ల అత్తగారు కొత్త పళ్లసెట్టు పెట్టుకున్న కథ మొత్తం చేతులతోనే చెప్పాడు. నవ్వి నవ్వి పొట్ట పట్టుకున్నాం.

ఇంటికొస్తేనే నేను చెవిటివాణ్ణి.

మార్చి 6, గురువారం

కొత్త రూలు. ఆరున్నరకి టేబుల్ చుట్టూ కూర్చుని ముగ్గురం ఆ రోజు జరిగింది చెప్పాలి. మా ఆవిడ గొంతు లావు, పెదాలు చూస్తే సగం అందుతుంది. పిచ్చుక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, జడ నములుతూ చెబుతుంది. నా కూతురి నోరు కదులుతుంటే సౌండ్ తీసేసిన టీవీ ముందు కూర్చున్నట్టుంది.

నా దగ్గర మూడు జవాబులున్నాయి. అవును. అలాగే. చూద్దాం. మొహం చూసి ఒకటి వాడతాను. ఈ వారం ఒక్కసారే దొరికిపోయాను. నీకు పళ్లాలు కడిగే పని ఇస్తున్నా అందట మా ఆవిడ, చూద్దాం అన్నాను.

మార్చి 9, ఆదివారం

పిచ్చుకని బండి మీద లైబ్రరీకి తీసుకెళ్లాను. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ముందుకి వంగి నా హెల్మెట్ పక్కన ఏదో చెప్పింది. చాలాసేపు చెప్పింది. మెడ మీద వెచ్చగా ఊపిరి తగులుతోంది, మాట మాత్రం ఒక్కటీ లేదు. అద్దంలో చూస్తే కళ్లే కనిపిస్తున్నాయి. జవాబు కోసం చూస్తోంది. పచ్చలైటు పడింది. అవునమ్మా, అవును అన్నాను.

నడుం చుట్టూ ఉన్న చేతులు తీసి సీటు పట్టుకుంది.

మార్చి 11, మంగళవారం

సాయంత్రం పిచ్చుక ఏం చెప్పలేదు. ఏమీ జరగలేదంది. నాకు పండగలా ఉంది.

మార్చి 14, శుక్రవారం

నాలుగో రోజు కూడా అంతే. నా వంతు, మా ఆవిడ వంతు, అయిపోయింది. నిజం రాస్తున్నాను, ఇక్కడ ఎవరి దగ్గరా దాచాల్సింది లేదు. పిచ్చుక మాట్లాడకపోతే నాకు హాయిగా ఉంది. రోజంతా భయపడే ఆ అరగంట తేలిగ్గా గడిచిపోతోంది.

ఇలాంటి తండ్రి కూడా ఉంటాడా?

మార్చి 16, ఆదివారం. సాయంత్రం 5

వంటగదిలో మా ఆవిడతో మాట్లాడుతోంది, చేతులు తిప్పుతూ, గెంతుతూ. నేను గుమ్మంలోకి రాగానే ఆపేసింది. మర్యాదగా పక్కకి జరిగి దారిచ్చింది. ఇంటికొచ్చిన చుట్టానికి ఇచ్చినట్టు.

మా ఆవిడకి మహా సంతోషంగా ఉంది. కుక్కర్ పనిచేస్తోందట. పిల్ల వారంగా ఎంత బుద్ధిగా తయారైందో చూశావా అంది. అవును అన్నాను.

మార్చి 18, మంగళవారం. ప్రెస్సు, భోజనాల గంట

నిన్న రాత్రి పిచ్చుకని తెలివిగా అడిగాననుకున్నాను. ఆ రోజు బండి మీద చెప్పావే, అదేమయింది అని. నా వంక అలాగే చూసింది. ఏం లేదు అంది. ఆ రెండు మాటలూ పెదాల మీద స్పష్టంగా చదివాను. ఇంకేం మిగల్లేదు. ఆ పిల్ల నన్ను ఏదో అడిగింది, నేను అవునన్నాను, అదేమిటో ఈ ప్రపంచంలో ఆ పిల్లకి తప్ప ఎవరికీ తెలియదు. మళ్లీ చెప్పమనాలంటే అప్పుడు వినపడలేదని చెప్పాలి. చెబితే రేపో మాపో ప్యాకింగ్.

షీట్లు రెండేసి పోయాయి పొద్దున. కటింగ్ మాస్టారు రెండు వేళ్లు చూపించేదాకా నేను గమనించలేదు.

మార్చి 20, గురువారం. రాత్రి 8

చెప్పేశాను. టేబుల్ దగ్గరే, ఇద్దరికీ.

మా ఆవిడ నవ్వింది. ఫోన్ బయటికి తీయించడానికి ఎంత కథ అల్లావు అంది. లేదన్నాను. రిపోర్టు చూపించమంది. లాకర్లో ఉంది, రేపు తెస్తానన్నాను. అన్నాక నాకే అబద్ధంలా వినిపించింది. ఆమె లేచి వెళ్లి స్టవ్ వైపు తిరిగి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. తిడుతోందో ఏడుస్తోందో వెనకనుంచి తెలియలేదు. పిలిచినా ఇటు తిరగలేదు.

పిచ్చుక వైపు తిరిగాను. ఆ రోజు అడిగింది నోటితో చెప్పకపోతే పోనీ, రాసివ్వమన్నాను. తల ఊపి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. చేతికి అందిన పుస్తకం ఇదే. వెనకటి పేజీలన్నీ కలిపి క్లిప్పు పెట్టి, తలుపు తట్టి పెన్నుతో సహా ఇస్తాను. 

మార్చి 20

నాన్నా నేను పిచ్చుకని. నేను మాట్లాడితే నీకు బోర్ కొడుతుందా, అందుకే ఫోన్ చూస్తావా, నేను తక్కువ మాట్లాడితే చూడవా అని అడిగాను. నువ్వు అవునమ్మా అవును అన్నావు.

నీకు నిజంగానే వినపడలేదా? లేకపోతే నేను బాధపడతానని ఇప్పుడు అలా అంటున్నావా? అమ్మకి చూపించను. కింద రాయి.